తాతల నాటి టిప్పు యుద్ధ పటం అమ్మాలి, ముందు ఏం చూసుకోవాలి?

పాతమిద్దె_చిత్తూరు

అందరికీ నమస్కారం. ఇల్లు పంపకాలవుతోంది. నాలుగు తరాలుగా హాల్లో వేలాడుతున్న యుద్ధ పటం ఎవరి వాటాకు వేయాలో తేలక, అమ్మేసి డబ్బు పంచుకుందామని అనుకున్నారు. వివరాలు ఇస్తున్నా.

ఫ్రేముతో కలిపి 32 అంగుళాల వెడల్పు, 26 ఎత్తు. టేకు ఫ్రేము, లోపలి అంచుకు బంగారు పూత, సగం రాలిపోయింది. బొమ్మలో కోట వాకిలి, కత్తి దూసిన తలపాగా మనిషి, చుట్టూ ఎర్రకోటు సిపాయిలు. రంగులున్నాయి. కింద ఇంగ్లీషులో టిప్పు సుల్తాన్ పేరు, ఎడమ మూల సన్న అక్షరాల్లో సింగిల్టన్ అని ఉంది. మిగతా అక్షరాలు బొమ్మ చుట్టూ చట్రంలా పెట్టిన మౌంటు కాగితం కింద దాక్కున్నాయి. ఆకాశం భాగంలో గోధుమరంగు చుక్కలు, కుడివైపు కింద నీటి మరక. వెనక చెక్క పలకలు, వాటి మీద మద్రాసు ఫ్రేము కొట్టు చీటీ సగం చిరిగి ఉంది.

ఇది అసలుదేనా? శుభ్రం చేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టు అమ్మాలా? లైసెన్సు లాంటిదేమైనా కావాలా? ఫోటో చూసి ఒకాయన 40 వేలకు బేరం పెట్టాడు. మా తమ్ముడేమో ఇలాంటిదే లండన్‌లో కోట్లు పలికిందంటున్నాడు.

రాగిరేకు

40 వేలూ కోట్లూ రెండూ పక్కన పెట్టండి. మీ తమ్ముడు చూసిన వార్త 2022 మార్చి నాటిది. లండన్ వేలం సంస్థ సోథ్‌బీస్‌లో 6,30,000 పౌండ్లకు పోయింది, 1780లో హైదర్ అలీ, ఆయన కొడుకు టిప్పు ఇంగ్లీషు కంపెనీ సైన్యాన్ని ఓడించిన పొల్లిలూరు యుద్ధం మీద చేత్తో వేసిన చిత్రం. ముప్పై అడుగుల పైచిలుకు పొడవు. శ్రీరంగపట్నంలో టిప్పు వేసవి మహలు దరియా దౌలత్ గోడ మీద ఉన్న యుద్ధ చిత్రం కోవలోది. మీ దగ్గరున్నది అచ్చుబొమ్మ. బొమ్మ చెక్కిన ఒకే రాగి రేకు మీంచి వందల కాపీలు తీసేవాళ్లు. రెండింటికీ పోలిక లేదు.

అలాగని తీసిపారేసే వస్తువూ కాదు. హెన్రీ సింగిల్టన్ (1766-1839) లండన్ చిత్రకారుడు. 1799 మే 4న టిప్పు రాజధాని శ్రీరంగపట్నం ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కింది. ఆ కబురు అందాక లండన్‌లో టిప్పు బొమ్మలకు గిరాకీ మామూలుగా లేదు. రాబర్ట్ కెర్ పోర్టర్ 1800లో కోట ముట్టడి మీద పెద్ద పనోరమా, అంటే చాలా వెడల్పైన భారీ చిత్రం, పెట్టి టికెట్టు కొట్టి చూపించాడు, దాన్ని జాన్ వెండ్రమీని రేకుల మీద చెక్కాడు. సింగిల్టన్ బొమ్మలూ ఆ ఊపులో అచ్చయినవే. అందుకే మీది మూడింట్లో ఏదో ఒకటి: ఆ రోజుల్లోనే తీసిన పెద్ద అచ్చు, తర్వాత ఏదో చరిత్ర పుస్తకం కోసం చిన్న సైజులో చెక్కిన పేజీ, లేదంటే గత వందేళ్లలో ఫోటో పద్ధతిలో తీసిన నకలు. ధర మొత్తం దీన్ని బట్టే.

నగల షాపు వాళ్లు వాడే పది రెట్ల భూతద్దం ఒకటి సంపాదించండి. తలపాగా మనిషి చెంప మీద అద్దం మీంచే పెట్టి చూడండి. వరుసలు తీర్చినట్టు, ఒకే ఎడంతో, గళ్లు గళ్లుగా చుక్కలు కనిపిస్తే అది ఫోటో తీసి వేసిన అచ్చు, కథ అక్కడితో అయిపోయింది. చిన్నా పెద్దా చుక్కలు క్రమం లేకుండా, నీడ ఉన్నచోట చిక్కగా, వెలుగున్నచోట పలచగా ఉంటే చేత్తో రేకు మీద పొడిచిన చుక్కల పని. ఆ కాలంలో ముఖాలకు ఎక్కువగా ఇదే పద్ధతి. బట్టలు, గోడలు, ఆకాశం గీతలతో ఉండొచ్చు, కంగారు పడొద్దు.

రెండోది రేకు గుర్తు. తడిపిన కాగితాన్ని రాగి రేకు మీద పరిచి రోలర్ల మధ్య గట్టిగా నొక్కుతారు కాబట్టి రేకు అంచు కాగితంలోకి దిగి, బొమ్మ చుట్టూ పల్లం గీత పడుతుంది. గదిలో లైట్లు ఆర్పి, టార్చి పక్క నుంచి కాగితానికి ఏటవాలుగా వేస్తే ఆ గీత నీడ కనిపిస్తుంది. అయితే ఇది ఒక్కటే చూసి అసలుదని తీర్మానించకండి. ఫోటోగ్రావ్యూర్ (ఫోటో ద్వారా రేకు తయారుచేసి తీసే) నకళ్లకూ రేకు గుర్తు ఉంటుంది, చాలామంది మోసపోయేది అక్కడే. గుర్తు ఉండి, భూతద్దంలో చుక్కా గీతా ఏదీ విడిగా తేలకుండా మసిలా సన్నని గరుకు మాత్రమే కనిపిస్తే అనుమానించాలి.

మూడోది కింది అక్షరాలు. ఎడమ మూల చిత్రకారుడు, కుడి మూల చెక్కినవాడు, నడుమ అట్టడుగున అచ్చువేసినవాడి పేరు, చిరునామా, తేదీ. ఇంగ్లండులో 1735 చట్టం ప్రకారం హక్కు నిలవాలంటే రేకు మీద పేరూ తేదీ ఉండాలి. ఆ ఒక్క వరుస కోసమైనా మౌంటు తీయాల్సి వస్తుంది. మీరు మాత్రం కాసేపు ఆగండి, కింద ఇంకెవరైనా చెబుతారు ఎలా తీయాలో.

కాగితంపురుగు

చెబుతా. ముందు చేయకూడనివి: అద్దం మీద కొలిన్ కొట్టొద్దు, ఫ్రేము అంచు సందుల్లోంచి లోపలికి దిగి కొత్త మరక పడుతుంది. తడిగుడ్డ, బ్రెడ్డు ముక్క, రబ్బరు, బ్లీచింగు, యూట్యూబులో చూపించే హైడ్రోజన్ పెరాక్సైడు, ఏదీ వద్దు. చేత్తో వేసిన నీటిరంగులు తడి తగిలితే కారిపోతాయి. లామినేషన్ అన్న మాట ఎవరి నోటనైనా వస్తే ఆ షాపులోంచి పటం పట్టుకొని బయటికి వచ్చేయండి.

తీసే ముందు చూడాల్సింది ఒకటుంది. టార్చి పక్క నుంచి వేసి, కాగితం అద్దానికి ఎక్కడైనా అంటుకుందా చూడండి. అంటుకున్నచోట రంగు తడిసినట్టు ముదురుగా, మెరుస్తూ కనిపిస్తుంది. నీటి మరక దగ్గర ఇది ఎక్కువ. అంటుకుని ఉంటే ఇంట్లో తీయొద్దు. లాగితే బొమ్మ పైపొర అద్దంతో పాటే వచ్చేస్తుంది.

అంటుకోకపోతే: టేబుల్ మీద ఉతికిన దుప్పటి రెండు మడతలు వేసి, పటాన్ని బోర్లా పడుకోబెట్టండి. ఫ్యాన్ ఆపండి. వెనక కొట్టు చీటీని ముందు ఫోటో తీయండి, ఆ పలకను విడిగా దాచండి, పారేయొద్దు. సన్నమేకులను ప్లయర్‌తో పైకి లాగకుండా ఫ్రేము వైపు పక్కకు వంచండి, లాగితే జారి కాగితంలో గుచ్చుకుంటుంది. పలకలు ఒక్కొక్కటే ఎత్తండి. కాగితం వెనక పలకల సందులున్నచోట గోధుమరంగు చారలు కనిపిస్తాయి. చెక్కలోని ఆమ్లం కాగితాన్ని కాల్చడం వల్ల వచ్చినవి అవి, పాతదనడానికి మంచి సాక్ష్యం కూడా. కాగితాన్ని వేళ్లతో పట్టి ఎత్తొద్దు. కింద శుభ్రమైన అట్ట జొనిపి, అట్టతో సహా లేపండి. మూలల్లో జిగురు పెట్టి మౌంటుకు అంటించి ఉంటే అంతటితో ఆపేయండి, ఊడబెరకొద్దు.

ఇదంతా వానల్లో పెట్టుకోకండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర గాలిలో చెమ్మ ఎక్కువ, కాగితం ఉబ్బి అలలు తేలుతుంది. వేసవిలో తీసి ఎండబెడదామనీ అనుకోవద్దు, ఎండ తగిలితే ఎరుపు, నీలం వెలిసిపోతాయి.

గోధుమరంగు చుక్కల గురించి బెంగ అక్కర్లేదు. రెండు వందల ఏళ్ల కాగితానికి అవి సహజం, కొనేవాడికీ తెలుసు. సగం తెలిసినవాడు బ్లీచ్ చేసిన తెల్లటి కాగితం కంటే చుక్కలున్న కాగితమే ఎక్కువ ధర పలుకుతుంది.

బజారువీధి

ఇంత తతంగం దేనికండీ. ఓఎల్‌ఎక్స్‌లో పెడితే వారంలో పోతుంది. ఈబేలో ఇలాంటివి డాలర్లలో ఉన్నాయి, బయటికి పంపితే ఇంకా మేలు.

పురావస్తు_పద్దు

అన్నా, ఆ రెండో సలహా వల్ల జైలుకు పోతారు. 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. వందేళ్లు దాటిన కళావస్తువు, చేతిపని వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, అది అనుమతించిన సంస్థకు తప్ప ఎవరికీ లేదు. అతిక్రమిస్తే ఆరు నెలలకు తక్కువ కాకుండా మూడేళ్ల దాకా జైలు, జరిమానా. లండన్‌లో అచ్చయింది కదా, వాళ్ల వస్తువు వాళ్లకే పంపుతున్నాం కదా అని వాదిస్తే నడవదు. వస్తువు వయసు చూస్తారు, పుట్టిన ఊరు చూడరు. కొరియరులో పాత ఫోటో అని రాసి పంపడం ఇంకా పెద్ద తప్పు.

దీనివల్ల ధర మీద పడే దెబ్బ అర్థం చేసుకోండి. ఈ బొమ్మలు ఎక్కువగా కొనేది బ్రిటన్ వాళ్లు, అప్పటి పటాలాల చరిత్ర సేకరించేవాళ్లు. ముఖ్యంగా స్కాట్లండు వాళ్లకు ఆసక్తి. 1780 పొల్లిలూరులో హైదర్‌కు చిక్కి ఖైదులో మగ్గిన స్కాట్లండు వాడు డేవిడ్ బెయిర్డే 1799లో కోట మీదికి దండు నడిపించాడు మరి. ఆ కొనుగోలుదారులకు మీరు అమ్మలేరు. కాబట్టి ఈబే ధరను డాలరు రేటుతో గుణించి ఆశ పెట్టుకోవద్దు, ఇక్కడి మార్కెట్టు ఇక్కడిదే. ఇక్కడ కూడా టిప్పు బొమ్మలకు ఆదరణ ఉంది, 2022లో డీఏజీ అనే ఆర్ట్ గ్యాలరీ ఢిల్లీలో వాటి మీదే ప్రత్యేక ప్రదర్శన పెట్టింది.

దేశం లోపల మీ ఇంటి వస్తువు ఒక్కటి అమ్ముకోవడానికి మీకు లైసెన్సు అక్కర్లేదు. లైసెన్సు కావాల్సింది పురావస్తువుల వ్యాపారం చేసేవాళ్లకు. అంటే 40 వేలు ఇస్తానన్న ఆయన వ్యాపారి అయితే ఆయన దగ్గర ఉండాలి. అడగండి, తడబడితే విషయం అర్థమవుతుంది. నమోదు సంగతి వేరు. చేత్తో వేసిన చిత్రాలు, శిల్పాలు, బొమ్మలున్న చేతిరాత గ్రంథాలు వందేళ్లవైతే నమోదు చేయించాలి. అచ్చుబొమ్మ పేరుపెట్టి ఆ జాబితాలో లేదు. అయినా పైన చేత్తో రంగులద్దారు కాబట్టి సందేహం రావచ్చు. పురావస్తు శాఖ అమరావతి సర్కిల్‌కు ఫోటోలు, కొలతలతో ఉత్తరం రాసి జవాబు కాగితం మీద తెప్పించుకోండి. పురావస్తువా కాదా అన్న వివాదంలో ఆఖరి మాట ఆ శాఖదే.

ఓఎల్‌ఎక్స్ తప్పని అనను, అక్కడ ఈ వస్తువు తెలిసినవాడు రాడంతే. వచ్చేది క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేస్తే డబ్బు పడుతుందనేవాడు. స్కాన్ చేస్తే డబ్బు పోతుంది కానీ రాదు. ఇంకో రకం ఉన్నారు, మన జిల్లాలో బియ్యాన్ని లాగే మహిమ ఉందంటూ అంటగట్టే రైస్ పుల్లింగ్ చెంబుల బాపతే. కోటి పలుకుతుంది, సర్టిఫికెట్టుకు ముందు 20 వేలు కట్టమంటారు. కొనేవాడు అమ్మేవాడి దగ్గర డబ్బు అడిగాడంటే బేరం ముగిసినట్టే. ఇప్పటికే కట్టి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

పాతమిద్దె_చిత్తూరు

అందరికీ చాలా థాంక్స్. అద్దానికి అంటుకోలేదు, కాగితంపురుగు గారు చెప్పినట్టే తీశాం. చూసినవి: చెంప మీద చుక్కలు క్రమం లేకుండా ఉన్నాయి, కోటు మీద గీతలు. రేకు గుర్తు పై అంచూ రెండు పక్కలా స్పష్టంగా ఉంది, కింద కూడా ఉంది కానీ కాగితం దానికి అర అంగుళం దిగువన కత్తిరించి ఉంది. మిగతా మూడు పక్కలా రెండేసి అంగుళాల ఖాళీ ఉంది. అట్టడుగు వరుసలో లండన్ అనీ, 180 అనీ చదవగలుగుతున్నాం, ఆఖరి అంకె నీటి మరకలో పోయింది. చెక్కినవాడి పేరులో మొదటి అక్షరాలు కూడా మరకలోనే. ఎర్రరంగు సిపాయి భుజం దగ్గర గీత దాటి బయటికి వచ్చింది, ఇది తప్పా? ఇంకోటి, మా ఇంట్లో దీన్ని కంపెనీ దొర మా ముత్తాతకు బహుమానంగా ఇచ్చాడని చెప్పుకుంటారు. అది రాస్తే ధర పెరుగుతుందా?

రాగిరేకు

రంగు గీత దాటడం మంచి గుర్తు. బ్రష్షుతో మనిషి అద్దిన రంగు అలాగే పోతుంది, యంత్రం దాటదు. అది అప్పట్లోనే అద్దారా, తర్వాత ఫ్రేము కొట్టులో అందం కోసం అద్దించారా అన్నది తేల్చాలి. మౌంటు కింద దాక్కున్న అంచు దాకా రంగు అదే చిక్కదనంతో ఉందా, మౌంటు గీత దగ్గర ఠక్కున ఆగిందా చూడండి. ఆగితే రంగు ఫ్రేము కట్టాక వేసింది. అంచు కింద రంగు కొత్తగా, బయట వెలిసినట్టు ఉంటే ఫ్రేముకు ముందే వేసింది.

కింద అర అంగుళమే మిగిల్చి కత్తిరించడం నష్టమే కానీ రేకు గుర్తు లోపలికి కోయలేదు, అక్షరాలు మిగిలాయి, అది చాలు. గుర్తు లోపలికి కోసి ఉంటే మంచి సేకరణకర్త ముట్టుకోడు.

ఇప్పుడు కాగితాన్ని ఎత్తి కిటికీకి అడ్డంగా పెట్టకుండా, వెనక నుంచి మెత్తని వెలుతురు వేసి చూడండి. ఫోన్ స్క్రీన్ తెల్లగా పెట్టి కింద ఉంచినా చాలు. వాట్‌మన్ (ఇంగ్లండు కాగితం తయారీదారు పేరు) అనే అక్షరాలో, ఒక సంవత్సరమో కాగితం లోపల తేలుతుందేమో వెతకండి. 1794 నుంచి ఇంగ్లండు కాగితాల్లో సంవత్సరం వేయడం మొదలైంది. ఉదాహరణకు 1801 అని తేలితే, మీకు మరకలో పోయిన అంకె చాలావరకు దొరికినట్టే. అదే 1820ల సంవత్సరం వస్తే, పాత రేకు మీంచి తర్వాత తీసిన అచ్చు, గీతలు అరిగి నలుపు తేలిపోయి ఉంటుంది. సంవత్సరం లేకపోయినా దిగులు వద్దు, షీటును ముక్కలు చేసినప్పుడు ఆ భాగం ఇంకో ముక్కలోకి పోయి ఉండొచ్చు.

దొర కథ సంగతి. ఉత్తరమో, దస్తావేజులో ప్రస్తావనో ఉంటే బంగారమే. లేకుంటే అమ్మకం కాగితంలో ఇంట్లో చెప్పుకునేది అని మాత్రమే రాయండి, నిజమని సంతకం పెట్టొద్దు. దానికంటే ఆ చిరిగిన మద్రాసు చీటీ, హాల్లో పటం కనిపించే పాత పెళ్లి ఫోటో ఎక్కువ పనికొస్తాయి. ఇవి నాలుగు తరాలు మీ ఇంట్లో ఉందని చూపిస్తాయి, దొంగసొత్తు కాదని కొనేవాడికి ధైర్యం.

ధర నేను చెప్పను, ఫోటో చూడకుండా చెప్పేవాడి మాట నమ్మనూ వద్దు. వేలం సంస్థల వెబ్‌సైట్లలో ఇదే బొమ్మ పలికిన ధరలు వెతకండి. అడిగే ధర కాదు, పలికిన ధర. రంగుదా నలుపుదా, అంచులు ఉన్నాయా కోశారా, మీదానికి సరిపోలే వాటినే లెక్కలోకి తీసుకోండి.

కాగితంపురుగు

మరక గురించి ఒక్క మాట, ఇక్కడ రాగిరేకు గారితో కాస్త తేడా వస్తుందేమో. అక్షరాల మీదున్న మరక కాబట్టి దీన్ని మాత్రం నిపుణుడికి చూపించాలంటాను. బెంగుళూరులో వారసత్వ సంపదను కాపాడే ఇంటాక్ సంస్థ నడిపే సంరక్షణ కేంద్రం ఉంది, చిత్తూరు నుంచి దగ్గరే. ముందు రాతపూర్వకంగా అంచనా అడగండి: ఏం చేస్తారు, రంగు నిలుస్తుందా, ఖర్చెంత. ఖర్చు పెరిగే ధర కంటే ఎక్కువైతే వదిలేయండి.

రాగిరేకు

తేడా ఏమీ లేదు, అయితే వేలం సంస్థకు చూపించాకే ఇవ్వండి. కొన్నిసార్లు వాళ్లే ముట్టుకోవద్దంటారు, కొనేవాడు తన మనిషితో చేయించుకుంటాడు.

పురావస్తు_పద్దు

వేలానికి ఇస్తే సాఫ్రన్‌ఆర్ట్, పుండోల్స్, అస్తాగురు లాంటి ముంబై సంస్థలకు మెయిల్లో ఫోటోలు పంపొచ్చు. మొత్తం ముందువైపు, వెనకవైపు, నాలుగు మూలలు, కింది అక్షరాలు, చెంప దగ్గర భూతద్దం ఫోటో, మరక, చీటీ. ఫ్లాష్ వద్దు, పక్కన స్కేలు పెట్టండి. కొలతలు రెండు రకాలు రాయండి, రేకు గుర్తు కొలత వేరు, కాగితం కొలత వేరు. చాలామంది ఫ్రేము కొలత పంపుతారు, దానితో వాళ్లకు పనిలేదు. ఒక్క పటం చిన్న లాటు అని వాళ్లు కాదంటే పాత మ్యాపులు, అచ్చుబొమ్మలు అమ్మే లైసెన్సు ఉన్న డీలరే మేలు.

ఒప్పందంలో చూడాల్సినవి కమీషను ఎంత, ఫోటో, బీమా, రవాణా ఖర్చు ఎవరిది, ఇంతకు తగ్గితే అమ్మొద్దన్న కనీస ధర రాశారా, అమ్ముడుపోకపోతే తిరిగి తెచ్చే ఖర్చు ఎవరిది, డబ్బు ఎన్ని రోజుల్లో వేస్తారు. చివరిదే ఎవరూ అడగరు, తర్వాత గొడవంతా దాని మీదే.

ఆడిటర్_గుమాస్తా

పంపకాల పటం అన్నారు కాబట్టి. అన్నదమ్ములతో పాటు ఆడపడుచులకూ వాటా ఉంటుంది, అందరి సంతకాలతో ఒక సమ్మతి పత్రం, అమ్మే అధికారం ఒక్కరికి ఇస్తున్నట్టు రాసుకోండి. వాటాలు అందులోనే శాతాల్లో రాస్తే తర్వాత పన్ను లెక్క తేలిక.

ఇంట్లో వాడుకునే వస్తువు కదా, పన్ను ఉండదనుకుంటారు. మంచం, బీరువాకు అది సరే. కళాఖండాలు ఆ మినహాయింపులోకి రావు, లాభం మీద మూలధన పన్ను పడుతుంది. వారసత్వంగా వచ్చింది కాబట్టి పెద్దల కాలం నుంచీ లెక్క, దీర్ఘకాలికమే. రేటు 12.5 శాతం, పైన సెస్సు, 2024 జూలై 23 నుంచి దీనికి ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి లెక్కించడం) లేదు. కొన్న ధర మీ ముత్తాతకు కూడా తెలియదు, దానికి దారి ఉంది: 2001 ఏప్రిల్ 1 నాటి మార్కెట్టు విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు. కళావస్తువులకు నమోదైన వాల్యుయరు దగ్గర ఆ తేదీకి రిపోర్టు రాయించండి. వేలం కమీషను లాంటి అమ్మకం ఖర్చులు కూడా లాభంలోంచి తీసేయొచ్చు.

సొంత వస్తువు ఒక్కసారి అమ్మే కుటుంబానికి జీఎస్‌టీ లేదు. డబ్బు బ్యాంకులోనే తీసుకోండి. రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నంతా జరిమానాగా పోయే ప్రమాదం ఉంది. ముక్కలు ముక్కలుగా ఇస్తానన్నా బేరం ఒకటే కాబట్టి తప్పించుకోలేరు.

పాతమిద్దె_చిత్తూరు

కాగితంలో వాట్‌మన్ అక్షరాలు తేలాయి, సంవత్సరం లేదు. రంగు మౌంటు కింద చిక్కగా ఉంది, బయట వెలిసింది. ముంబైకి మెయిల్ పెడుతున్నాం. 40 వేల ఆయన లైసెన్సు అడిగిన దగ్గర్నుంచి ఫోన్ ఎత్తడం లేదు. ఒక్కటి చెప్పండి, బెంగుళూరుకు బస్సులో తీసుకెళ్లాలంటే చుట్టి పైపులో పెట్టుకోవచ్చా?

కాగితంపురుగు

చుట్టొద్దు. పాత కాగితం చుడితే ఆ పలకల చారల దగ్గరే పగులుతుంది. కాగితం కంటే నాలుగు వైపులా రెండంగుళాలు పెద్దవి రెండు గట్టి అట్టలు తీసుకొని, లోపల రెండు వైపులా ఆమ్లం లేని పల్చని కాగితం పరిచి, మధ్యలో బొమ్మ పెట్టండి. న్యూస్‌పేపరు వద్దు, సిరా అంటుతుంది. అట్టల అంచులు మాత్రమే టేపు వేయండి, బొమ్మకు టేపు తగలకూడదు. పైన ప్లాస్టిక్ కవరు, వాన పడితే పనికొస్తుంది కానీ చేరాక వెంటనే విప్పండి. ఫ్రేమూ అద్దమూ వేరే మూటగా, నిలువుగా పెట్టి తీసుకెళ్లండి. బస్సు డిక్కీలో వేయకుండా సీటు వెనక నిలబెట్టండి.